తన్నిన బంతి ఎవరిది? అమెరికన్ ఫుట్‌బాల్ కిక్ నియమాల చిక్కుముడి

2024 డిసెంబరు 19 రాత్రి లాస్ ఏంజెలెస్ శివార్లలోని సోఫై స్టేడియంలో డెన్వర్ బ్రాంకోస్‌తో తలపడుతున్న ఛార్జర్స్ జట్టు 21-10తో వెనకబడి ఉంది. మొదటి సగం ముగిసిపోయి గడియారంలో సున్నాలు కనిపిస్తున్నాయి. మామూలుగా అయితే రెండు జట్లూ ఆ క్షణాన విశ్రాంతి గదుల వైపు నడవాలి. అలా జరగలేదు. ఛార్జర్స్ కిక్కర్ కామెరాన్ డికర్ మైదానం మధ్యకు వచ్చాడు. జట్టువాడొకడు నేలపై మోకాలు ఆనించి, బంతిని నిలువుగా నిలబెట్టి, వేలితో అదిమి పట్టుకున్నాడు. డెన్వర్ ఆటగాళ్లు పది గజాల అవతల వరుసగా నిలబడ్డారే తప్ప ఒక్కరూ ముందుకు దూకలేదు. అడ్డుకునేవారు లేని ఆ ఖాళీలో డికర్ తీరిగ్గా పరుగెత్తి వచ్చి తన్నిన బంతి 57 గజాలు ప్రయాణించి గోల్‌పోస్టుల మధ్యనుంచి దూసుకుపోయింది. ఛార్జర్స్‌కు మూడు పాయింట్లు వచ్చాయి. రెండో సగంలో పుంజుకుని ఆ ఆటను వారు 34-27తో గెలిచారు.

ఏళ్ల తరబడి ఈ ఆట చూస్తున్నవారిలో కూడా చాలామంది ఆ రాత్రి అది ఏ రకం కిక్కో పోల్చుకోలేకపోయారు. దాని పేరు ఫెయిర్ క్యాచ్ కిక్. అమెరికాలోని వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో అంతకుముందు అది చివరిసారి ఫలించింది 1976 నవంబరులో. విచిత్రమేమిటంటే అప్పుడు కొట్టిందీ ఛార్జర్స్ జట్టే. వారు శాన్ డియేగోలో ఉన్న ఆ రోజుల్లో రే వెర్షింగ్ అనే కిక్కర్ బఫెలో బిల్స్‌పై 45 గజాల నుంచి దాన్ని సాధించాడు. మధ్యలో గడిచిన నలభై ఎనిమిదేళ్లలో ఈ నియమాన్ని ఎవరూ రద్దు చేయలేదు, సవరించి కొత్తగా తెచ్చిందీ లేదు. పాత ఇంట్లో అటక మీద పడి ఉన్న ఇత్తడి బిందెలా అది నియమావళిలో అలాగే ఉండిపోయింది.

పేరులోనే ఫుట్ ఉన్నా, పాదంతో పని అరుదుగా పడే ఆట ఇది. అమెరికా వెళ్లిన కొత్తలో మనవాళ్లు మొదట నవ్వుకునేది ఈ విషయం చూసే. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తడం, చేత్తో విసరడం, చేత్తో లాక్కోవడం, ఆటలో ఎక్కువ భాగం ఇదే. అయితే పాదం బంతిని తాకిన మరుక్షణం ఈ ఆట స్వభావమే మారిపోతుంది. చేతిలో ఉన్నంతసేపు బంతి ఎవరిదో స్పష్టంగా తెలుస్తుంది. తన్నాక అది గాలిలోనో నేలమీదో తిరుగుతున్నంతసేపు ఎవరిదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో వింతగా కనిపించే కిక్ నియమాలన్నీ ఆ ఒక్క ప్రశ్నకు వేర్వేరు కాలాల్లో చెప్పుకున్న జవాబులేనని నా అభిప్రాయం. అలా చూస్తే వాటిలో వింత చాలావరకు తగ్గిపోతుంది.

డికర్ కిక్ అర్థం కావాలంటే ముందు పంట్ అంటే ఏమిటో తెలియాలి. దాడి చేసే జట్టుకు పది గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు ప్రయత్నాలు ఉంటాయి. వీటిని డౌన్లు అంటారు. మూడింట్లో పని జరగకపోతే, నాలుగో ప్రయత్నంలో విఫలమై ఉన్నచోటే బంతిని ప్రత్యర్థికి అప్పగించే బదులు, దాన్ని చేతుల్లోంచి వదిలి నేలను తాకకముందే తన్ని వీలైనంత దూరం పంపేస్తారు. అదే పంట్. అవతలి జట్టువాడు దాన్ని పట్టుకుని తిరిగి పరుగెత్తవచ్చు. కానీ తల పైకెత్తి బంతినే చూస్తున్నవాడి మీదకు పది మంది పరుగున వచ్చి పడితే ఎముకలు విరగడం ఖాయం. అందుకే అతనికి ఒక రక్షణ ఇచ్చారు. బంతి గాలిలో ఉండగా ఒక చెయ్యి తలపైకి ఎత్తి అటూ ఇటూ ఊపితే, తాను పరుగెత్తబోనని, తనను ముట్టుకోవద్దని చెప్పినట్టు. ఆ సంకేతం ఇచ్చి పట్టుకోవడమే ఫెయిర్ క్యాచ్. పట్టుకున్న చోటు నుంచి అతని జట్టు దాడి మొదలుపెడుతుంది.

ఇంతవరకూ ప్రేక్షకులందరికీ తెలుసు. తెలియని సగం ఏమిటంటే, ఫెయిర్ క్యాచ్ పట్టిన జట్టు దాడి మొదలుపెట్టకుండా, అదే గీత మీద బంతిని నిలబెట్టి నేరుగా గోల్‌పోస్టుల వైపు తన్నే హక్కును కూడా కోరుకోవచ్చు. ఆట మధ్యలో బంతిని గోల్‌పోస్టుల మధ్యకు తన్నే మామూలు ఫీల్డ్ గోల్‌లో లాగా మధ్యనున్న ఆటగాడు కాళ్ల సందుల్లోంచి బంతిని వెనక్కి అందించే స్నాప్ ఇందులో ఉండదు. ప్రత్యర్థులు పది గజాల దూరంలో ఉండాలి. గోల్ అయితే మూడు పాయింట్లు. పట్టుకునే సమయానికి గడియారం అయిపోయినా సరే, ఈ ఒక్క కిక్ కోసం ఆట సగాన్ని పొడిగించమని అడగవచ్చు.

ఆ రాత్రి డెన్వర్ జట్టు చివరి క్షణాల్లో పంట్ చేసింది. డేరియస్ డేవిస్ ఫెయిర్ క్యాచ్ సంకేతం ఇచ్చాడు. అయినా డెన్వర్ ఆటగాడు అతని మీదకు వచ్చి అడ్డుపడటంతో పదిహేను గజాల పెనాల్టీ పడింది. గజాలను రెండు వైపుల గోల్ గీతల నుంచీ మైదానం మధ్యలోని 50 దాకా లెక్కిస్తారు కాబట్టి, దానితో బంతి ఛార్జర్స్ సొంత 38వ గజం నుంచి డెన్వర్ వైపు 47వ గజం గీతకు చేరింది. ఇక్కడ లెక్క ఆసక్తికరంగా ఉంటుంది. గోల్‌పోస్టులు గోల్ గీత మీద కాక దానికి పది గజాల వెనక, అంటే గోల్ గీత అవతలి భాగమైన ఎండ్ జోన్ చివర, ఉంటాయి కాబట్టి 47కు పది కలిపితే 57. అదే చోటు నుంచి మామూలు ఫీల్డ్ గోల్ కొట్టాలంటే, ఎదుటివారు ఎగిరి అడ్డుకోకుండా ఉండేందుకు బంతిని ఏడెనిమిది గజాలు వెనక్కి తీసుకోవాలి. అప్పుడు దూరం 64 లేదా 65 అవుతుంది. అప్పటికి ఎన్ఎఫ్ఎల్ చరిత్రలోకెల్లా అతి దూరపు ఫీల్డ్ గోల్ 2021లో జస్టిన్ టక్కర్ కొట్టిన 66 గజాలది. అంటే మామూలు పద్ధతిలో రికార్డు దగ్గరికి వెళ్లే సాహసం చేయాల్సిన చోట, మూలపడిన నియమం ఒకటి ఏడెనిమిది గజాలు తగ్గించి, పైగా ఎదుట అడ్డు కూడా లేకుండా చేసింది.

ఇంత లాభమున్నా ఎవరూ దీన్ని వాడకపోవడానికి కారణముంది. ఈ అవకాశం కలిసిరావాలంటే ప్రత్యర్థి తన గోల్ గీతకు దగ్గరగా ఇరుక్కుని, సగం ముగిసే ముందు క్షణాల్లోనే పంట్ చేయాలి. ఆ పంట్ కూడా పొట్టిగా పడాలి. వేరే సమయంలో అయితే, బంతి చేతికొచ్చిన జట్టు మరో నాలుగు ప్రయత్నాలు వదులుకుని ఎవడో దూరంగా తన్నబోయే బంతి మీద ఆశ పెట్టుకోవడం తెలివితక్కువ పని. పైగా గురి తప్పితే తన్నిన చోటు నుంచే ప్రత్యర్థికి బంతి దక్కుతుంది. అయినా ఛార్జర్స్ శిక్షకుడు జిమ్ హార్బా ఈ నియమాన్ని ఎప్పుడూ మరచిపోలేదు. 2013లో శాన్ ఫ్రాన్సిస్కో జట్టుకు శిక్షకుడిగా ఉన్నప్పుడే ఫిల్ డాసన్ చేత 71 గజాల నుంచి ప్రయత్నం చేయించాడు. అది అందలేదు. దీనితో ఏకంగా ఆట గెలిచిన సందర్భం కూడా ఒకటుంది. 1968లో షికాగో బేర్స్ కిక్కర్ మ్యాక్ పెర్సివల్ చివరి క్షణాల్లో కొట్టిన 43 గజాల ఫెయిర్ క్యాచ్ కిక్‌తో గ్రీన్ బే ప్యాకర్స్ 13-10తో ఓడిపోయింది.

ఈ నియమం ఎక్కడి నుంచి వచ్చింది? రగ్బీ నుంచి. 1874 మే నెలలో హార్వర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం జట్టుతో ఆడి రగ్బీ రుచి చూశారు. 1876లో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో కొన్ని కళాశాలల ప్రతినిధులు సమావేశమై రగ్బీ తరహా నియమాలను స్వీకరించారు. నాటి రగ్బీలో ప్రత్యర్థి తన్నిన బంతిని నేల తాకకముందే శుభ్రంగా పట్టుకున్నవాడు మడమతో నేలమీద గుర్తు పెట్టి, అక్కడి నుంచి ఎవరి అడ్డూ లేకుండా గోల్‌కు తన్నవచ్చు. రగ్బీ యూనియన్ 1977లో ఆ వీలును తీసేసింది. అమెరికన్ కళాశాలల ఫుట్‌బాల్ అంతకు చాలా ముందే, 1950 ప్రాంతంలో, వదిలించుకుంది. ఎన్ఎఫ్ఎల్, హైస్కూలు ఆటలు మాత్రం ఉంచుకున్నాయి. పుట్టింట్లో చెల్లకుండా పోయిన నాణెం మెట్టినింట్లో ఇంకా చెల్లుతోందన్నమాట.

అసలు ఆ రోజుల్లో తన్నడమే ఆట, పరుగు దానికి తోడు. రగ్బీలో గీత దాటి బంతిని నేలకు తాకించడాన్ని ట్రై, అంటే ప్రయత్నం, అనడానికి కారణం, దానితో దక్కేది గోల్‌కు తన్నడానికి ప్రయత్నించే హక్కు మాత్రమే కావడం. అమెరికన్ ఫుట్‌బాల్ తండ్రిగా చెప్పుకునే వాల్టర్ క్యాంప్ కాలంలో, 1883 నాటి పాయింట్ల పట్టిక చూస్తే ఇది తెలిసిపోతుంది. బంతిని గోల్ గీత దాటించే టచ్‌డౌన్‌కు రెండు పాయింట్లు, టచ్‌డౌన్ తరవాత కొట్టే గోల్‌కు నాలుగు, ఆట మధ్యలో కొట్టే ఫీల్డ్ గోల్‌కు ఐదు. తరవాతి మూడు దశాబ్దాల్లో ఈ పట్టిక తలకిందులైంది. 1909 నాటికి ఫీల్డ్ గోల్ మూడుకు దిగింది, 1912లో టచ్‌డౌన్ ఆరుకు ఎక్కింది. విలువ పోయినా నియమాలు పోలేదు. నేటి ఆటలో కిక్‌కు సంబంధించి కనిపించే చాదస్తాలు చాలావరకు ఆ తొలినాళ్ల అవశేషాలు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. తన్నిన బంతి ఎవరిది? నియమావళి కిక్కులను స్థూలంగా రెండు జాతులుగా విడదీసి, రెండింటికీ రెండు జవాబులు చెబుతుంది. ఆట మొదట్లోనూ, పాయింట్లు వచ్చిన తరవాతా కొట్టే కిక్కాఫ్ మొదటి జాతి. దీనికి ముందు స్నాప్ ఉండదు, ప్రత్యర్థి దూరంగా నిలబడతాడు. రెండో జాతి స్నాప్ తరవాత, స్క్రిమేజ్ గీత వెనక నుంచి కొట్టేవి, అంటే పంట్, ఫీల్డ్ గోల్. డౌన్ మొదలయ్యేటప్పుడు బంతి ఉన్న చోటు మీదుగా మైదానానికి అడ్డంగా ఊహించుకునే గీతే స్క్రిమేజ్ గీత.

కిక్కాఫ్ బంతి పది గజాలు దాటాక అందరిదీ. తన్నిన జట్టే దాన్ని దక్కించుకోవచ్చు. కాకపోతే దానితో ముందుకు పరుగెత్తకూడదు. వెనకబడిన జట్టు ఆఖరి నిమిషాల్లో బంతిని పొట్టిగా, నేలమీద గెంతేలా తన్ని తామే పట్టుకోవాలని చూసే ఆన్‌సైడ్ కిక్‌కు ఆధారం ఇదే. 2010 ఫిబ్రవరిలో జరిగిన ఎన్ఎఫ్ఎల్ తుది పోరు సూపర్ బౌల్‌లో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ 10-6తో వెనకబడి, రెండో సగాన్ని ఎవరూ ఊహించని ఆన్‌సైడ్ కిక్‌తో మొదలుపెట్టి, బంతి దక్కించుకుని, చివరకు ఇండియానాపొలిస్ కోల్ట్స్‌ను 31-17తో ఓడించింది. ఈరోజు అది కుదరదు. తలలు బలంగా ఢీకొని మెదడుకు జరిగే గాయాలను తగ్గించడానికి ఎన్ఎఫ్ఎల్ 2024లో కిక్కాఫ్‌ను పూర్తిగా మార్చి, ఆన్‌సైడ్ కిక్ కొట్టదలచిన జట్టు ముందే ఆ మాట చెప్పాలని, అదీ వెనకబడి ఉంటేనే కొట్టాలని నిర్దేశించింది. దొంగ దాడిని ముందే చాటింపు వేసి చేయమనడం నాకు కొంత హాస్యంగానే తోస్తుంది, కానీ గాయాల సంగతి ఆలోచిస్తే తప్పుపట్టలేను.

కొత్త కిక్కాఫ్‌లో తన్నేవాడు ఒక్కడే తన 35వ గజం దగ్గర ఉంటాడు. అతని సహచరులు పదిమంది మైదానం అవతల, ప్రత్యర్థి 40వ గజం గీత మీద నిలబడతారు. ప్రత్యర్థుల్లో ఎక్కువమంది వారికి ఎదురుగా, ఐదు గజాల ఎడంలో ఉంటారు. బంతి నేలనో, పట్టుకునేవాడినో తాకేవరకు ఈ రెండు వరుసలూ కదలకూడదు. గోల్ గీత నుంచి 20వ గజం వరకు ఉన్న భాగాన్ని ల్యాండింగ్ జోన్ అంటారు. బంతి అక్కడ పడితే ఆడి తీరాలి. నేరుగా గాల్లోనే ఎండ్ జోన్‌లోకి వెళ్తే ఆడనక్కరలేదు, నిర్ణీత గజం గీత దగ్గర నుంచి స్వీకరించే జట్టు దాడి మొదలుపెడుతుంది. 2024లో అది 30వ గజం, 2025లో 35కు మార్చారు.

ల్యాండింగ్ జోన్‌లో పడటానికీ, నేరుగా ఎండ్ జోన్‌లోకి వెళ్లడానికీ మధ్య ఈ తేడాను పట్టించుకోకపోవడం ఎంత ఖరీదైనదో 2025 సెప్టెంబరు 14న పిట్స్‌బర్గ్‌లో తెలిసింది. స్టీలర్స్ మీద 17-14తో ముందంజ వేసిన సియాటిల్ సీహాక్స్ కిక్కాఫ్ కొట్టింది. బంతి ల్యాండింగ్ జోన్‌లో దిగి, స్టీలర్స్ కొత్త ఆటగాడు కేలెబ్ జాన్సన్‌కు చిక్కకుండా వెనక ఎండ్ జోన్‌లోకి దొర్లింది. ఎండ్ జోన్‌లోకి వెళ్లింది కాబట్టి ఇక పని అయిపోయిందనుకుని అతను దాన్ని వదిలేసి పక్కకు పరుగెత్తాడు. ముందు ల్యాండింగ్ జోన్‌లో పడింది కాబట్టి బంతి ఇంకా బతికే ఉంది. పది గజాలు ఎప్పుడో దాటింది కాబట్టి అది అందరిదీ. సియాటిల్‌కు చెందిన జార్జ్ హొలానీ వచ్చి ఎండ్ జోన్‌లో దాని మీద పడ్డాడు, టచ్‌డౌన్ ఇచ్చారు. చేత్తో పట్టి ఒక్క అడుగు పరుగెత్తకుండానే వచ్చిన ఆరు పాయింట్లవి. సీహాక్స్ 31-17తో గెలిచింది. జాన్సన్‌ను చాలామంది తిట్టారు. చిన్నప్పటి నుంచీ ఆడిన ఆటల్లో ఎండ్ జోన్‌లోకి దొర్లిన కిక్కాఫ్‌ను వదిలేయడం అలవాటై ఉంటుందని, కొత్త నియమం ఆ అలవాటును తలకిందులు చేసిందని కూడా గుర్తుంచుకోవాలి.

రెండో జాతికి, అంటే పంట్‌కూ ఫీల్డ్ గోల్‌కూ, జవాబు వేరు. ఇక్కడ స్క్రిమేజ్ గీతే సరిహద్దు. బంతి ఆ గీత దాటిందా, తన్నిన జట్టుకు ఇక దాని మీద హక్కు లేదు, అవతలివారు ముట్టుకుంటే తప్ప. ముట్టుకుని చేజార్చారా, ఎవరు ముందు పట్టుకుంటే వారిదే. గీత దాటకుండా, అంటే ఎవరో అడ్డుకోవడం వల్ల వెనకే పడిపోతే, ఎవరైనా తీసుకుని పరుగెత్తవచ్చు. ఈ మూడు వాక్యాలు అర్థమైతే పంట్ల గందరగోళంలో ముప్పాతిక వంతు విడిపోతుంది.

వాటిని మరచిపోయినవారిలో లియోన్ లెట్ పేరు అమెరికాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1993 నవంబరు 25, థాంక్స్‌గివింగ్ రోజు. ఇప్పుడు తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉంటున్న డాలస్ శివారు ఇర్వింగ్‌లోనే అప్పటి టెక్సస్ స్టేడియం ఉండేది. టెక్సస్‌లో అరుదుగా కురిసే మంచు ఆ రోజు మైదానాన్ని కప్పేసింది. డాలస్ కౌబాయ్స్ 14-13 ఆధిక్యంలో ఉంది, పదిహేను సెకన్లు మిగిలాయి. మయామి డాల్ఫిన్స్ కిక్కర్ పీట్ స్టొయనోవిచ్ 41 గజాల ఫీల్డ్ గోల్ కొట్టబోగా డాలస్‌కు చెందిన జిమ్మీ జోన్స్ అడ్డుకున్నాడు. బంతి గీత దాటి మంచులో గిర్రున తిరుగుతూ ఆగబోతోంది. డాలస్ ఆటగాళ్లు చేతులు ఊపుతూ, ఎవరూ దాని దగ్గరకు వెళ్లవద్దని అరుస్తున్నారు. గీత దాటిన బంతి కనుక, ముట్టుకోకపోతే అది డాలస్‌దే, ఆటా డాలస్‌దే. ఎందుకో లెట్ ఒక్కడు మంచులో జారుతూ వచ్చి దాన్ని పట్టుకోబోయి చేజార్చాడు. ఆ స్పర్శతో బంతికి మళ్లీ ప్రాణం వచ్చింది. మయామి ఆటగాడు జెఫ్ డెలెన్‌బాక్ గోల్ గీతకు ఒక గజం దూరంలో దాన్ని దక్కించుకున్నాడు. స్టొయనోవిచ్ ఈసారి 19 గజాల నుంచి సులువుగా కొట్టి 16-14తో ఆట గెలిపించాడు.

ఇందులో గమనించాల్సిన సూక్ష్మం ఒకటుంది. జిమ్మీ జోన్స్ కూడా డాలస్ ఆటగాడే, అతని చెయ్యి కూడా బంతికి తగిలింది. మరి ఆ స్పర్శతోనే మయామికి హక్కు రావాలి కదా? రాదు. గీత దగ్గరో, దాని వెనకో అడ్డుకునే ప్రయత్నంలో తగిలిన చేతిని నియమావళి స్పర్శగా లెక్కించదు. లెక్కిస్తే కిక్‌ను అడ్డుకోవడమే ప్రమాదకరమైన పనై, ఎవరూ ఆ జోలికి వెళ్లరు. లెట్ తాకింది గీత దాటాక. తేడా అంతా అక్కడే ఉంది.

తన్నిన జట్టువాడే ముందుగా తాకితే? పంట్ గోల్ గీత దగ్గర ఆగేలా చూడటానికి వాళ్లు పరుగెత్తి వెళ్లి బంతిని చేత్తో ఆపడం తరచూ కనిపిస్తుంది. అలా తాకిన చోటును రిఫరీ గుర్తు పెట్టుకుంటాడు. స్వీకరించే జట్టు ఎప్పుడైనా ఆ చోటు నుంచి బంతిని కోరుకోవచ్చు. అయితే వాళ్లు తాకినంత మాత్రాన బంతి చచ్చిపోదు. పూర్తిగా అదుపులోకి తీసుకుని ఆపేంతవరకు అవతలివాడు దాన్ని తీసుకుని పరుగెత్తవచ్చు. పరుగెత్తితే నష్టం ఏముంది? ఏమీ లేదు. వంద గజాలు వెళ్లి టచ్‌డౌన్ చేస్తే పాయింట్లు వస్తాయి. మధ్యలో బంతి జారవిడిచి ప్రత్యర్థికి చిక్కినా, పాత గుర్తు దగ్గరికి వెనక్కి వెళ్లి తమ బంతిని తాము తీసుకోవచ్చు. ఆ మధ్యలో వాళ్లే ఏదైనా తప్పు చేసి పెనాల్టీ తెచ్చుకుంటే మాత్రం ఈ వరం పోవచ్చు. జూదంలో గెలిస్తే లాభం, ఓడితే పెట్టుబడి వాపసు అన్నట్టుండే ఈ నియమం తెలిసిన ఆటగాళ్లు అందరూ వదిలేసిన బంతిని ఒక్కసారిగా ఎత్తుకుని ఉడాయిస్తారు.

గీత వెనకే ఆగిన కిక్ సంగతి 2021 అక్టోబరు 7న బాగా చర్చకు వచ్చింది. సియాటిల్ పంటర్, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మైకేల్ డిక్సన్, లాస్ ఏంజెలెస్ రామ్స్‌తో ఆటలో కొట్టిన పంట్‌ను ఎదుటివారు అడ్డుకున్నారు. బంతి అతని పక్కనే పడింది. దాన్ని ఎత్తుకుని కుడివైపు పరుగెత్తుతూ, గీత దగ్గర మళ్లీ తన్నాడు. అది 68 గజాలు పోయింది. రిఫరీలు ముందు తప్పు జరిగిందంటూ జెండా విసిరారు, తరవాత చర్చించుకుని వెనక్కి తీసుకున్నారు. ఒకే డౌన్‌లో రెండుసార్లు తన్నవచ్చా అంటే, మొదటి కిక్ గీత దాటనంతవరకూ తన్నవచ్చు. గీత దాటని బంతిని తన్నిన జట్టు కూడా తీసుకోవచ్చు, కాబట్టి తీసుకున్నాక పరుగెత్తినా, తన్నినా వారి ఇష్టం.

గురి తప్పిన ఫీల్డ్ గోల్ కూడా పంట్ లాంటిదే అనే విషయం చాలామందికి 2013 నవంబరు 30 దాకా తట్టలేదు. అలబామా, ఆబర్న్ విశ్వవిద్యాలయాల మధ్య పోటీ 28-28తో సమంగా ఉంది. గడియారం అయిపోయిందనుకుంటే, అలబామా శిక్షకుడు నిక్ సేబన్ వాదించి ఒక్క సెకను తిరిగి పెట్టించుకున్నాడు. ఆ సెకనులో 57 గజాల ఫీల్డ్ గోల్‌కు ప్రయత్నించారు. ఆబర్న్ జట్టు క్రిస్ డేవిస్ అనే ఆటగాణ్ని గోల్‌పోస్టుల కింద నిలబెట్టింది. బంతి అందక పొట్టిగా పడుతుంటే అతను పట్టుకుని ఎండ్ జోన్ చివరి నుంచి అవతలి చివరకు పరుగెత్తి 34-28తో ఆట ముగించాడు. అతన్ని ఎవరూ పట్టుకోలేకపోవడానికి నియమంతో పాటు ఇంకో కారణముంది. ఫీల్డ్ గోల్ కొట్టేటప్పుడు మైదానంలో ఉండేది అడ్డంగా నిలబడటానికి పనికొచ్చే భారీకాయులు, పరుగెత్తేవారిని తరమగలవారు కాదు. సేబన్ పట్టుబట్టి సంపాదించిన ఆ ఒక్క సెకనే ఆయన కొంప ముంచింది.

డ్రాప్ కిక్ గురించి ఒక మాట. బంతిని నేలమీదకు వదిలి, అది తాకి పైకి లేచే క్షణాన తన్నడం ఈ ఆటలో ఒకప్పుడు ప్రధాన విద్య. 1930లలో బంతి మొనలు సన్నబరచి విసరడానికి అనువుగా మార్చాక, అది నేలను తాకి ఎటు లేస్తుందో చెప్పలేని స్థితి వచ్చి ఆ విద్య అంతరించింది. నియమం మాత్రం పోలేదు. 1941 డిసెంబరు ఛాంపియన్‌షిప్ ఆట తరవాత మళ్లీ ఎన్ఎఫ్ఎల్‌లో అలా పాయింటు వచ్చింది 2006 జనవరి 1న. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌కు ఆడుతున్న 43 ఏళ్ల డగ్ ఫ్లూటీ, టచ్‌డౌన్ తరవాతి అదనపు పాయింటును డ్రాప్ కిక్‌తో సాధించాడు. ఎన్ఎఫ్ఎల్‌లో అది అతని చివరి ఆట కూడా.

ఇక సేఫ్టీ. తన ఎండ్ జోన్‌లోనే బంతితో పట్టుబడిన జట్టు రెండు పాయింట్లు సమర్పించుకోవడమే కాక, ఆ తరవాత బంతిని కూడా ప్రత్యర్థికే తన్ని ఇవ్వాలి. ఆ కిక్ తన 20వ గజం నుంచి, కావాలంటే పంట్ రూపంలో కొట్టవచ్చు. శిక్షలా కనిపించే ఈ నియమాన్ని కొందరు కోరి తెచ్చుకుంటారు. 2013 ఫిబ్రవరి 3 నాటి సూపర్ బౌల్‌లో బాల్టిమోర్ రేవెన్స్ 34-29తో ముందుంది, పన్నెండు సెకన్లు ఉన్నాయి, నాలుగో డౌన్, తమ గోల్ గీత దగ్గర ఇరుకు. పంటర్ శామ్ కోక్ బంతి తన్నకుండా ఎండ్ జోన్‌లో అటూ ఇటూ తిరిగి ఎనిమిది సెకన్లు కరిగించి బయటకు అడుగుపెట్టాడు. రెండు పాయింట్లు పోతే పోయాయి, 34-31. మిగిలిన నాలుగు సెకన్లకు 20వ గజం నుంచి హాయిగా, ఎవరూ మీద పడకుండా తన్నాడు. ఇక్కడ వ్యాసం మొదట్లోని నియమం మళ్లీ తలెత్తుతుంది. అప్పటి నియమాల ప్రకారం సేఫ్టీ తరవాతి కిక్‌ను కూడా ఫెయిర్ క్యాచ్ పట్టవచ్చు, పట్టాక ఫెయిర్ క్యాచ్ కిక్ కోరవచ్చు. మూడు పాయింట్ల వెనకంజలో ఉన్న శాన్ ఫ్రాన్సిస్కోకు సరిగ్గా మూడు పాయింట్లే కావాలి, పైగా వారి శిక్షకుడు జిమ్ హార్బాయే. కానీ కోక్ బంతిని చాలా దూరం పంపాడు. అక్కడి నుంచి గోల్‌పోస్టులు ఎవరి కాలికీ అందవు. టెడ్ గిన్ పరుగెత్తడం తప్ప వేరే దారి లేకపోయింది.

సరిహద్దు అవతల కెనడా ఆటలో తన్నినవాడే, లేదా తన్నేటప్పుడు అతని వెనక ఉన్నవాడెవరైనా, పంట్‌ను తిరిగి పట్టుకోవచ్చు. కిక్ ఎండ్ జోన్‌లోకి వెళ్లి ప్రత్యర్థి బయటకు తేలేకపోతే రూజ్ అనే ఒక పాయింటు వస్తుంది. గురి తప్పిన ఫీల్డ్ గోల్‌కు కూడా పాయింటు ఇవ్వడం ఏమిటని వెక్కిరించేవారు ఉండటంతో, కెనడా లీగ్ 2025లో ఈ నియమాన్ని 2026 నుంచి కుదించనున్నట్లు ప్రకటించింది.

అమెరికా వైపు కూడా ఒక పాయింటు సేఫ్టీ ఒకటుంది. దాన్ని చూసినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. టచ్‌డౌన్ తరవాతి అదనపు పాయింటు ప్రయత్నంలో సేఫ్టీ జరిగితే దాని విలువ రెండు కాదు, ఒకటే. 2013 జనవరి 3న ఫియెస్టా బౌల్ అనే కళాశాలల పోటీలో ఒరెగాన్ కొట్టిన అదనపు పాయింటు కిక్‌ను కాన్సస్ స్టేట్ అడ్డుకుంది. ఆ జట్టువాడు బంతిని తీసుకుని, తనంతట తానే వెనక్కి తమ ఎండ్ జోన్‌లోకి వెళ్లి అక్కడ చిక్కిపోయాడు. కిక్ బలంతో బంతి అక్కడికి వెళ్లి ఉంటే ఏమీ లేదు. అతని సొంత పరుగుతో వెళ్లింది కాబట్టి ఒరెగాన్‌కు ఒక పాయింటు ఇచ్చారు. 2004లో టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం జట్ల మధ్య కూడా ఇలాగే జరిగింది. ఎన్ఎఫ్ఎల్‌లో ఇంతవరకూ జరగలేదు. 2015 వరకు అక్కడ అడ్డుకున్న అదనపు పాయింటు బంతి అక్కడికక్కడే చచ్చిపోయేది. ఆ ఏడాది నుంచి కాపాడుకునే జట్టు కూడా దాన్ని ఎత్తుకుని అవతలి చివరకు పరుగెత్తి రెండు పాయింట్లు తెచ్చుకోవచ్చని మార్చారు.

ఆ మార్పుతో కాగితం మీద ఇంకో వింత కూడా సాధ్యమైంది. టచ్‌డౌన్ చేసిన జట్టే అదనపు పాయింటు ప్రయత్నంలో బంతిని పోగొట్టుకుని, మళ్లీ చేజిక్కించుకుని, ఎనభై అయిదు గజాలు వెనక్కి తమ ఎండ్ జోన్ దాకా వెళ్లి అక్కడ పట్టుబడితే, ఒక పాయింటు ప్రత్యర్థికి వెళుతుంది. ప్రత్యర్థి ఆ ఆటలో మరేమీ సాధించకపోతే స్కోరు పలకపై 6-1 అని పడుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక జట్టు ఒకే ఒక్క పాయింటుతో ఆట ముగించడానికి ఉన్న ఏకైక దారి ఇది. ఇప్పటికి ఎన్ఎఫ్ఎల్‌లో ఆ దారిన ఎవరూ నడవలేదు.